ఓడ రేకు మీద పదమూడు

1998 డిసెంబరు. మాదాపూర్ బండరాళ్ళ మధ్య హైటెక్ సిటీ మొదటి భవనం లేచిన కొత్త. చుట్టాలెవరొచ్చినా చార్మినార్ కంటే ముందు దాన్నే చూపించమని అడిగే రోజులవి. మా కంపెనీ అందులో ఉండేది కాదు. కొండాపూర్ వెళ్ళే రోడ్డు మీద, కింద సిమెంటు దుకాణం, పై రెండంతస్తుల్లో మేము. విజిటింగ్ కార్డు మీద మాత్రం దర్జాగా హైటెక్ సిటీ అనే వేసుకున్నాం. చుట్టుపక్కల కొత్త పునాదుల కోసం మధ్యాహ్నాలు రాళ్ళు పేల్చేవాళ్ళు. పేలినప్పుడల్లా మానిటర్లు వణికేవి, మేమందరం గబగబా పని సేవ్ చేసుకునేవాళ్ళం.

మా వృత్తి తెలియనివాళ్ళ కోసం ఒక మాట. పాత ఇంజనీరింగ్ డ్రాయింగులు చూసి, ఆ వస్తువును కంప్యూటర్లో ముక్కముక్కగా మళ్ళీ కట్టడం మా పని. త్రీడీ మోడలింగ్ అంటారు. పంపులు కట్టాం, గోదాము కప్పులు కట్టాం, ఒకసారి చాక్లెట్లకు కాగితం చుట్టే యంత్రం కూడా కట్టాం. ఇలాంటి అనుభవాలు రాసేవాళ్ళు సాధారణంగా తాము గట్టెక్కించిన కేసు గురించే రాస్తారు. గట్టెక్కించినవి నాకూ కొన్ని ఉన్నాయి, కానీ అవేవీ నన్ను వెంటాడవు. వెంటాడేది ఇదొక్కటే కాబట్టి ఇదే రాస్తున్నాను.

నేను అసలు కంప్యూటర్ మనిషిని కాను. బాలానగర్‌లో ఒక బాయిలర్ వర్క్‌షాపులో పదకొండేళ్ళు రేకులు కొలిచి, గీసి, కోయించినవాణ్ణి. అది మూతపడ్డాక అమీర్‌పేటలో నా వయసులో సగం ఉన్న పిల్లల పక్కన కూర్చుని, కంప్యూటర్లో డ్రాయింగులు గీసే క్యాడ్ నేర్చుకున్నాను. మా ఎండీ ప్రసాద్ గారు నన్ను పిలిచి ఉద్యోగం ఇచ్చారు. "మౌస్ పట్టుకోవడం ఎవరికైనా వస్తుందండీ మూర్తి గారూ. నాకు ఇనుము తెలిసిన మనిషి కావాలి," అన్నారు. ఉద్యోగం పోయి ఏడాది కూకట్‌పల్లిలో ఇంటిపట్టున కూర్చున్నవాడికి ఆ మాట ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బాగా నెత్తికెక్కింది.

ఆ డిసెంబరులో వచ్చింది ఓడ. ఇంగ్లండులో ఒక రేవులో ఏళ్ళ తరబడి కట్టేసి ఉన్న పాత ప్రయాణికుల ఓడ. మహాసముద్రాలు దాటే అలాంటి పెద్ద ఓడల్ని ఓషన్ లైనర్లంటారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో, ఓడలకు వెల్డింగ్ ఇంకా రాని రోజుల్లో, రివెట్లు కొట్టి కట్టింది. రెండు యుద్ధాలు చూసింది. తర్వాత కొన్నాళ్ళు హాస్టలుగా, కొన్నాళ్ళు శిక్షణ బడిగా ఉండి, చివరికి దేనికీ కొరగాకుండా పోయింది. దాన్ని మ్యూజియం చెయ్యాలని ఒక చిన్న ట్రస్టు కష్టపడుతోంది. ట్రస్టు కార్యదర్శి పేరు హెరాల్డ్. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. ఆ ఓడలోనే ఇరవై రెండేళ్ళు స్టూవర్డ్‌గా, అంటే ప్రయాణికుల గదులు చూసే ఉద్యోగిగా, పనిచేశాడు.

మరమ్మతు చెయ్యాలంటే ఓడను డ్రైడాక్‌కు తీసుకెళ్ళాలి. ఓడ లోపలికి వచ్చాక తలుపులు మూసి నీళ్ళు తోడేసే చోటది. అక్కడికి సముద్రం మీదే లాక్కెళ్ళాలి. పొట్ట రేకులు ఎంత తుప్పు తిన్నాయో తేల్చనిదే రేవు అధికారులు ఓడను కదలనివ్వరు. కట్టినప్పటి మందంలో నాలుగో వంతు కంటే ఎక్కువ పోయిందని తేలితే అనుమతి లేదు. అనుమతి లేకపోతే రేవులో జాగా కూడా ఇక ఇవ్వరు, ఓడ పాత ఇనుము కింద పోతుంది. రేకుల ఇప్పటి మందం కొలవడానికి అక్కడ ఒక సర్వేయర్ ఉన్నాడు. కట్టినప్పుడు ఎంత ఉండేదో పాత డ్రాయింగుల నుంచి తేల్చి, మొత్తం ఓడను మోడల్ చేసి ఇవ్వడం మా వంతు.

హెరాల్డ్ మొదటి ఫోనులోనే దాపరికం లేకుండా మాట్లాడాడు. "మిస్టర్ మూర్తీ, ఇక్కడి కంపెనీలను భరించే స్తోమత మాకు లేదు. అందుకే మీ దాకా వచ్చాం. కానీ ఆవిడకు ఇంకో అవకాశం లేదు. వచ్చే వేసవితో గడువు అయిపోతుంది."

ఇంగ్లీషువాళ్ళకు ఓడ ఆడమనిషి. హెరాల్డ్ వారానికి రెండుసార్లు, అక్కడ పొద్దున్న ఆఫీసులు తెరిచే వేళకు, అంటే మనకు మధ్యాహ్నం రెండున్నర దాటాక, ఫోన్ చేసేవాడు. తన ఆరోగ్యం అడిగినా చెప్పేవాడు కాదు. ముందుగా అడిగేది ఒకటే: "ఆవిడ ఎలా ఉంది?" ఆపరేషన్ థియేటర్ బయట నిలబడ్డ మనిషి డాక్టర్ని అడిగినట్టు అడిగేవాడు. మా కుర్రాళ్ళకు అది వేళాకోళం. ఫోన్ మోగితే, "సార్, ఆవిడగారి ఇంటాయన," అనేవాళ్ళు. నేనూ నవ్వేవాణ్ణి.

ఓడ పొట్టను హల్ అంటారు. అడుగున వెన్నెముక లాంటి కీల్, దానికి రెండు వైపులా పక్కటెముకల్లా ఫ్రేములు, వాటి మీద రేకులు. ఇంటి మీద పెంకులు నేసినట్టు ఒక రేకు అంచు మీద ఇంకో రేకు అంచు ఎక్కించి రివెట్లు కొడతారు. డ్రాయింగులన్నీ నూరేళ్ళ నాటి గుడ్డ కాగితం మీదివి. బయటికి ఇవ్వని ఒక రికార్డు ఆఫీసులో ఉన్నాయవి, అక్కడే స్కాన్ చేసి సీడీల్లో పంపారు. మడతలు, నూనె చుక్కలు, టీ కప్పు గుండ్రాలు, అన్నీ వాటిలో ఉన్నాయి. మా సాఫ్ట్‌వేర్ గీతలు గుర్తుపట్టాలంటే ముందు ఆ మరకలు తుడవాలి. ఆ తుడుపునే రాస్టర్ క్లీనప్ అంటాం.

ఆ పని మంజులది. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చేసింది, ముప్పై ఏళ్ళుంటాయి, ఇద్దరు పిల్లల తల్లి. నానక్‌రామ్‌గూడ నుంచి షేర్ ఆటోలో వచ్చేది. ఇప్పటి అద్దాల మేడలు అప్పుడు లేవు, అదింకా ఊరే. ఆఫీసులో అందరికంటే నెమ్మదిగా పనిచేసేది ఆమె, అందరికంటే తక్కువ తప్పులు చేసేదీ ఆమే.

జనవరిలో ఒకరోజు తన సీట్లోంచే అడిగింది. "సార్, ఈ మిడ్‌షిప్ సెక్షన్ షీటుకు ఎడమ దిక్కు అంచుల పెన్సిల్ రాత ఉన్నది. మస్తు సన్నగుంది, సదువస్తలేదు. ఉంచన్నా, తీసెయ్యన్నా?"

మిడ్‌షిప్ సెక్షన్ అంటే ఓడను సరిగ్గా నడుము దగ్గర అడ్డంగా కోస్తే కనపడే బొమ్మ. ఏ రేకు ఎంత మందమో రాసి ఉండేది ఆ ఒక్క షీటులోనే. మా ఆఫీసు పద్ధతి ప్రకారం బొమ్మ చుట్టూ ఉన్న గీత బయట ఏమున్నా తీసెయ్యాలి.

నేను తల తిప్పలేదు. "బోర్డర్ బయటవి తీసేస్తాం కదమ్మా. రూలు తెలుసుగా."

"రూలు తెలుసు సార్. గని ఇది మరక గాదు, ఎవరో రాసిండ్రు."

"ఎవడో ఏదో లెక్క వేసుకుని ఉంటాడు. తీసెయ్."

తీసేసింది. నేను లేచి నాలుగడుగులు వేసి ఆమె స్క్రీను చూసి ఉండొచ్చు. అప్పుడు నేనేదో అంత కొంపలు మునిగే పనిలో కూడా లేను. ఏ పనిలో ఉన్నానో గుర్తు కూడా లేదు.

తర్వాతి వారం రేకుల మందాల పట్టిక మొదలుపెట్టాం. డ్రాయింగులో ప్రతి రేకు మీదా ఒక అంకె ఉంది, అంతే. పొట్ట పక్క రేకుల్లో ఎక్కువ వాటి మీద 13, కొన్నిటి మీద 14, 16, అడుగున కీల్ రేకు మీద 20. అంగుళాలో మిల్లీమీటర్లో ఏమీ లేదు. మిల్లీమీటర్లేమో అన్నారు మా కుర్రాళ్ళు. అప్పటి ఇంగ్లండులో మిల్లీమీటర్లేమిటని నవ్వాను.

ఇక్కడ మన వర్క్‌షాపుల సంగతి చెప్పాలి. మనవాళ్ళు రేకును సూతుల్లో కొలుస్తారు. అంగుళంలో ఎనిమిదో వంతు ఒక సూతు. బాలానగర్‌లో మా ఫోర్‌మన్ యూసుఫ్ భాయ్ సుద్దముక్కతో రేకు మీద 8 అని రాస్తే నాలుగు సూతులు, 10 అని రాస్తే అయిదు. అంటే ఆయన రాసేవన్నీ అరసూతులు, అంగుళంలో పదహారో వంతులు. వాళ్ళ తాతల కాలంలో ఇంగ్లీషు దొరలు పెట్టిపోయిన పద్ధతేనని చెప్పేవాడు. పదకొండేళ్ళు ఆ అంకెల మధ్యే బతికాను. 13 అని చూడగానే నా చేతికి ఆరున్నర సూతుల రేకు అంచు తగిలింది. అనుమానం రానే లేదు.

"ఇవి పదహారో వంతులు. పదమూడంటే ఇరవై పాయింట్ ఆరు మిల్లీమీటర్లు. రాసుకోండి," అన్నాను.

వెనక నిలబడ్డ ప్రసాద్ గారు మురిసిపోయారు. "ఇదండీ నేను చెప్పేది. ఇనుము తెలిసుండడం అంటే ఇదీ."

హెరాల్డ్‌ని ఒక్క మాట అడిగి ఉండొచ్చు. ఆయనకు తెలియకపోయినా తెలిసినవాళ్ళను వెతికేవాడు. కానీ ఆ రోజుల్లో మా లైనులో ఒక పాడు అలవాటు ఉండేది. క్లయింటును ప్రశ్న అడిగితే మనకు పని రాదని వాడికి తెలిసిపోతుందని భయం. హైదరాబాదు నుంచి పనిచేస్తున్నాం, అసలే సగం అనుమానంతో ఇచ్చారు, ఇక అంగుళాల లెక్క కూడా అడుగుతామా? అడగకుండా చేసుకొచ్చినవాడే మొనగాడు. ఆ మొనగాణ్ణి నేను.

మార్చిలో మోడల్ పూర్తయింది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. మౌస్‌తో తిప్పుతుంటే అంత పెద్ద ఓడ గాల్లో మెల్లగా దొర్లేది. హెరాల్డ్ పాత కాగితాల్లోంచి ఉక్కు బరువుల పట్టిక వెతికి పంపాడు. సరిచూస్తే మా పొట్ట రేకులు నాలుగో వంతు ఎక్కువ తూగాయి. నాకు చెమట పట్టిన మాట నిజం. కానీ రేకులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి కదా, ఆ అంచుల్ని సాఫ్ట్‌వేర్ రెండుసార్లు లెక్కేస్తోందని సర్దిచెప్పుకున్నాను. లెక్క కుదరనప్పుడు మావాళ్ళు ఫ్యాక్టర్ అనే మందు వేస్తారు. నేను మా బరువును సున్నా పాయింట్ ఎనిమిదితో హెచ్చవేశాను. బరువు చక్కగా కుదిరింది.

ఏప్రిల్లో సర్వేయర్ కొలతలు వచ్చాయి. రేకుకు చిన్న యంత్రం ఆనించి, శబ్దం లోపలికి వెళ్ళి తిరిగొచ్చే సమయాన్నిబట్టి మందం చెబుతారు. దాన్ని గేజింగ్ అంటారు. ఆ రీడింగులు మోడల్లోకి ఎక్కించి రంగులు వెయ్యాలి. తక్కువ పోయిన రేకు ఆకుపచ్చ, కాస్త ఎక్కువైతే పసుపు, నాలుగో వంతు దాటితే ఎరుపు. నీటిమట్టం కింద ఎక్కడ కొలిచినా పద్నాలుగున్నర మిల్లీమీటర్లు అటూ ఇటూ వచ్చింది. ఇరవై పాయింట్ ఆరు నుంచి పద్నాలుగున్నరకు దిగితే ముప్పై శాతం పోయినట్టు. మొదటి రోజు ముక్కు ఎర్రబడింది, రెండో రోజు నడుము, మూడో రోజు తోక. ఆ రోజు ఆఫీసులో వేళాకోళాలు ఆగిపోయాయి.

రీడింగులు ఎక్కిస్తున్నది మంజులే. నాలుగో రోజు పొద్దున్న నా టేబుల్ దగ్గరికి వచ్చింది.

"సార్, జర ఇటు సూడుండ్రి. ఇవి పైన లోపటి దిక్కు రేకులు. నీళ్ళు తాకని జాగ. వీటికి సుత ఇరవై శాతం పోయిందని సూపెడుతుంది. అన్నిటికి ఒకటే తీరు, ఇరవై. తుప్పు గిట్ల సమానంగ తింటదా?"

"తొంభై ఏళ్ళ ఉప్పుగాలి అమ్మా."

"ఉప్పుగాలి కొలుసుకొని తింటదా సార్?"

ఆ ప్రశ్న విని ఏ ఇంజనీరైనా కుర్చీలోంచి లేవాలి. నాకు కోపం వచ్చింది. ఎందుకొచ్చిందో ఇప్పుడు తెలుసు. ఆమె అన్నది నా మనసులోనూ ఎక్కడో మెదులుతోంది, దాన్ని బయటికి లాగినందుకు కోపం. "డెలివరీ సోమవారం మంజులా. నువ్వు రీడింగులు ఎక్కించు, చాలు," అన్నాను. వెళ్ళి మళ్ళీ రీడింగులు ఎక్కించడం మొదలుపెట్టింది.

సోమవారం రిపోర్టు వెళ్ళింది. మంగళవారం హెరాల్డ్ ఫోన్ చేశాడు. ఈసారీ "ఆవిడ ఎలా ఉంది?" అనే అడిగాడు. రిపోర్టు ముందే ఉన్నా, మనిషి నోటితో వినాలనుకున్నట్టున్నాడు.

"క్షమించండి సర్. నీటి కింద సగటున ముప్పై శాతం పోయింది."

అవతల రిపోర్టు పేజీలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"ఇరవై ఆరు అయ్యుంటే కొట్లాడేవాణ్ణి," అన్నాడు చివరికి. "ముప్పైతో ఎవరి దగ్గరికి వెళ్ళను? మిస్టర్ మూర్తీ, ఇది ఖాయమేనా?"

"ఖాయమే సర్."

"మీరు ఖాయమంటే ఖాయమే."

జూన్‌లో ట్రస్టు సమావేశమై ఓడను పాత ఇనుము కింద అమ్మేసింది. అమ్మకం కాగితం మీద ముగ్గురు సంతకాలు పెట్టాలి. అందులో ఒకటి హెరాల్డ్‌ది. మాకు మరో పని వచ్చింది, ఏదో సిమెంటు కర్మాగారం కన్వేయర్లు. ఓడ ఫైళ్ళు సీడీల్లోకి ఎక్కించి బీరువాలో పెట్టేశాం.

ఆగస్టులో హెరాల్డ్ దగ్గర్నుంచి ఫ్యాక్స్ వచ్చింది. తన గదిలో గోడకు పెట్టుకోవడానికి మిడ్‌షిప్ సెక్షన్ నిలువెత్తు ప్రింటు ఒకటి కావాలి. "మీరు శుభ్రం చేసింది వద్దు. మరకలు, మడతలు, పెన్సిల్ గీతలు, అన్నీ ఉన్నదే పంపండి. ఆవిడను కట్టినవాళ్ళ చేతులు తగిలిన కాగితం అది," అని రాశాడు. మంజుల అసలు స్కాను తీసి ప్లాటర్‌కు ఇచ్చింది. ప్లాటర్ అంటే తలుపంత కాగితం మీద గీసే ప్రింటర్. కాగితం బయటికి వచ్చాక ఆమె నన్ను పిలిచింది.

"సార్. ఒక్కసారి రాండ్రి."

స్క్రీన్ మీద చదవరాని పెన్సిల్ రాత, నిలువెత్తు కాగితం మీద స్పష్టంగా కనపడుతోంది. వంకర ఇంగ్లీషులో ఒకే వాక్యం, పక్కన రెండక్షరాల పొడి సంతకం. రేకుల మందాలన్నీ అంగుళంలో ఇరవయ్యో వంతులని రాసి ఉంది.

పదహారో వంతులు కావు. ఆ కాలపు ఓడలవాళ్ళ లెక్క వేరట. కీల్ మీద రాసిన 20 సరిగ్గా ఒక అంగుళం. అంత గుండ్రటి అంకెను నేను పది సూతులు చేశాను. పదమూడంటే ఇరవై పాయింట్ ఆరు కాదు, పదహారున్నర మిల్లీమీటర్లు. మంజుల కాగితం అంచున అప్పటికే తీసివేత వేసింది.

"పన్నెండు శాతం సార్. గంతే పోయింది." "పై రేకులకైతే తుప్పే పట్టలే," అంది.

ఆకుపచ్చ. ముక్కు నుంచి తోక దాకా ఆకుపచ్చ ఓడ. నేను బరువు కుదర్చడానికి వేసిన సున్నా పాయింట్ ఎనిమిది కూడా అప్పుడే తట్టింది. పదహారును ఇరవైతో భాగిస్తే వచ్చేది అదే. నిజం వచ్చి తలుపు కొడితే, దానికి ఫ్యాక్టర్ అని పేరుపెట్టి కూర్చోబెట్టాను. ప్లాటర్ స్టూలు లాక్కుని కూర్చుని, ఆ పెన్సిల్ వాక్యాన్ని మళ్ళీ చదివాను.

రెండున్నర కాగానే నేనే హెరాల్డ్‌కు ఫోన్ చేశాను. ఏం చెప్పాలో తెలియదు. ఓడ ఇంకా ఉంటే చెప్పెయ్యాలని మాత్రం అనుకున్నాను. ఉందనే ఆశ కూడా పెట్టుకున్నాను.

"మొన్న వెళ్ళి చూశాను," అన్నాడు. "ముందు సగం లేదు. మొదటి తరగతి భోజనశాల ఉండే చోట ఆకాశం కనపడుతోంది. దాని పక్కదే నేను ఇరవై రెండేళ్ళు నడిచిన నడవా."

నేను నోరు తెరిచాను. ఆయనే మాట్లాడాడు.

"మీకు ఒకటి చెప్పాలనుకుంటున్నాను. సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణకలేదు. మీ ముప్పై శాతమే నన్ను నిలబెట్టింది. ఇరవై ఆరంటే జీవితాంతం పీడించేది, ఇంకాస్త కొట్లాడి ఉంటే బతికేదేమో అని. ఇప్పుడు ఆ బాధ లేదు. మనిషి చెయ్యగలిగింది ఏమీ లేదని తెలిశాక నిద్ర పడుతోంది. మీకు రుణపడి ఉంటాను."

"ప్రింటు పంపిస్తాను సర్," అన్నాను.

ప్రసాద్ గారికి చెప్పినప్పుడు ఆయన లేచి గది తలుపు వేశారు. మొదట అడిగింది, "ఎవరెవరికి తెలుసండీ?" అని. నాకూ మంజులకూ అన్నాను. "చెబితే ఆ ఓడ మళ్ళీ అతుక్కుంటుందా మూర్తి గారూ? ఇక్కడ పద్దెనిమిది మంది బతుకులున్నాయండీ. ఆ పెద్దాయనను ఈ వయసులో ఎందుకు క్షోభపెట్టడం? ఆ కాగితం మాత్రం అలా వెళ్ళడానికి వీల్లేదు," అన్నారు.

ఆయన చెడ్డమనిషి కాదు. నేను వినాలనుకున్నదే చెప్పారు.

మంజులను అడిగాను, ఆ వాక్యం తీసేసి మళ్ళీ ప్రింటు ఇవ్వమని. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

"నేను తియ్య సార్. మొదటిసారి మీరు చెప్తె తీసిన, అప్పుడు ఎరుక లేకుండె. ఇప్పుడు ఎరుకనే."

"ఆయన తట్టుకోలేడు మంజులా."

"ఆయన కోసం గాదు సార్. మీరు తట్టుకోలేరు, గందుకని." గొంతు పెంచలేదు. "గిది ఆయన ఓడ. ఎట్ల పోయిందో ఆయనకి ఎరుక గావాలె గద."

ఆమె లేచి మంచినీళ్ళకు వెళ్ళింది. ఆ కుర్చీలోనే కూర్చుని, ఇరేజర్ టూల్ పట్టుకుని, నేనే తుడిచాను. మూడు నిమిషాలు కూడా పట్టలేదు. పట్టపగలు, చుట్టూ అందరూ కన్వేయర్లు గీసుకుంటున్నారు, ఎవరూ తలెత్తి చూడలేదు. పొడి సంతకం దగ్గర మాత్రం చెయ్యి ఆగింది. నూరేళ్ళ కింద ఎవరో మనిషి, తన తర్వాత వచ్చేవాడు పొరపాటు పడకూడదని పెన్సిల్ తీసుకుని రాశాడు. అతన్ని కూడా తుడిచేశాను.

నెలాఖరుకు మంజుల ఉద్యోగం మానేసింది. వెళ్ళేటప్పుడు అందరికీ వస్తానని చెప్పింది, నా టేబుల్ దగ్గర ఆగలేదు.

ఈ కేసు నాకేం నేర్పిందని అడిగితే చెప్పడానికి రెండు ముక్కలున్నాయి. యూనిట్ అడగండి, అంచు చదవండి. నా కింద పనిచేసిన ప్రతి ఒక్కరికీ చెప్పాను, బాగానే నేర్చుకున్నారు. అనుభవంతో వచ్చిన తెలివి అనుకున్నారు పాపం. తప్పు నా ఒక్కడిదేనా, అక్కడి సర్వేయర్ ఎందుకు అడగలేదు, తిలా పాపం తలా పిడికెడు అని కూడా చాలా ఏళ్ళు సమాధానం చెప్పుకున్నాను. ఆ సమాధానంతో ఒక్కరోజు కూడా గుండె తేలికపడలేదు. ఓడ పోయింది నాకు తెలియనితనం వల్ల. దానికి క్షమాపణ ఉంటుందేమో. ఆయన తట్టుకోగలడో లేడో ఆయన తరఫున నేనే తేల్చేశాను, ఆ హక్కు నాకెవరూ ఇవ్వలేదు. ఇప్పుడు క్షమించమని అడగడానికి ఆయన లేడు. ఇలాంటివి కాలంతో మానుతాయంటారు. నాది మానలేదు. మానకూడదనే అనుకుంటాను.

అక్టోబరులో హెరాల్డ్ చేతిరాతతో ఉత్తరం వచ్చింది. ప్రింటుకు ఫ్రేము కట్టించి మంచం ఎదురుగా పెట్టుకున్నాడు. పొద్దున్నే దాన్ని చూస్తూ టీ తాగుతాడట. కింద ఇంకో మాట రాశాడు. కాగితమంతా గోధుమరంగు మరకలున్నాయి కదా, ఎడమ అంచున అరచెయ్యంత మేర మాత్రం తెల్లగా, శుభ్రంగా ఉంది, అక్కడ ఏముండేదో మీకేమైనా తెలుసా అని.

మూడు వారాలు ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగాను. తర్వాత, స్కానర్ అద్దం మీద దుమ్ము పడిందని జవాబు రాశాను. హెరాల్డ్ దాన్ని కూడా నమ్మాడు.